రెండు జాడీల తెల్ల వైను

పటమటలో మా మేనత్త ఇంట్లో, వంటగది పక్క చీకటి గదిలో, ఊరగాయల సరసనే మరో రెండు జాడీలు ఉండేవి. వాటిలో తెల్ల వైను. "తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. మనం నిజంగానే తాగుతున్నాం, ఇంక భయమేంటి!" అని మామయ్య నవ్వేవాడు. మా ఎరుకలో క్రిస్మస్‌కి ఇంట్లో వైను పెట్టుకునే కథోలిక కుటుంబాలన్నీ నల్ల ద్రాక్షతోనే పెట్టేవి. తెల్లది మా మామయ్య పిచ్చి.

ద్రాక్ష వేసవిలో హైదరాబాదు నుంచి రైల్లో వచ్చేది. మా నల్లమట్టిలో ఆ తీగ ఆకులు వేస్తుందే గానీ కాయదు. మామయ్య పెరట్లో ఒకటి నాటి, పందిరి వేసి, ఏళ్ళ తరబడి ఆ నీడలో కూర్చున్నాడు తప్ప ఒక్క గుత్తి చూడలేదు. హైదరాబాదు చుట్టుపక్కల, నీళ్ళు నిలవని నేలల్లో కాసే లావుపాటి అనాబెషాహి పళ్ళు ఒక జాడీలోకి వెళ్ళేవి. పూర్తిగా పండకముందే కోసిన గింజల్లేని చిన్న ద్రాక్ష రెండోదాంట్లోకి. మొదటిది పండు జామకాయ వాసనతో తియ్యగా, మొద్దుగా ఉండేది. రెండోది నిమ్మాకు నలిపినట్టు వాసనేసేది, తాగితే పళ్ళు పులిసేవి. విడివిడిగా రెండూ దండగే.

పిసకడం, వడకట్టడం అత్తయ్య పని. కలపడం మాత్రం మామయ్యదే. డిసెంబరులో ఒక మధ్యాహ్నం కొరమీను వేపుడు చేయించుకుని, ముక్క తిని, గుక్క తాగి, ఈ జాడీలోంచి కాస్త, ఆ జాడీలోంచి కాస్త పోసేవాడు. కొలతలేం లేవు, నాలుకే. "చేప కారాన్ని తీపి చల్లార్చాలి, నూనెని పులుపు కడగాలి. రొయ్యల ఇగురుకీ ఇదే. మాంసం పులుసు దగ్గరికి మాత్రం తేవద్దు, తేలిపోద్ది" అనేవాడు. ఆ రోజు అత్తయ్య జాడీల మీద చెయ్యి వేసేది కాదు.

ఉప్పెన వచ్చిన ఏడు, నవంబరులో, మామయ్య కౌలు పొలం చూసుకోవడానికి దివిసీమ వెళ్ళాడు. తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఆ బురదలో వెతకడానికి వెళ్ళిన మా నాన్న అక్కడేం చూశాడో ఎప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆయన చేప ముట్టలేదు.

ఫాదర్‌గారు ఆత్మశాంతి పూజ మాట ఎత్తినప్పుడల్లా అత్తయ్యది ఒకటే జవాబు. "ఇంకా వైను కలపలేదు కదండీ. ఆయన లేకుండా ఎవరు కలుపుతారు? వస్తారు."

గేటు చప్పుడైతే ఆమె వీధి వైపు కాక జాడీల గది వైపు చూసేది. అప్పుడే కాలేజీలో చేరిన నాకు భయంతో పాటు కోపమూ వచ్చేది. పోయినవాళ్ళని ఏడ్చి సాగనంపాలి గానీ ఇలా గుమ్మంలో నిలబెట్టడమేంటి అనుకునేదాన్ని.

క్రిస్మస్ దగ్గర పడ్డాక నాన్న ఇక ఆగలేకపోయాడు. "నువ్వే కలుపు చెల్లీ. కుదిరిందనుకో, పూజ చెప్పిద్దాం. ఇంక ఎదురుచూడొద్దు."

అత్తయ్య జాడీల గది వైపు చూసింది. "సరే అన్నయ్యా. కుదరకపోతే మాత్రం ఆయనొచ్చేదాకా ఆగాలి" అంది.

మర్నాడు మధ్యాహ్నం కొరమీను వేయించింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పెద్ద గిన్నెలో కలపడం మొదలుపెట్టింది. ముక్క తినడం, గుక్క తాగడం, కళ్ళు మూసుకోవడం, కాస్త పోయడం, అంతా మామయ్య చేసినట్టే. చివరికి గ్లాసు నాకిచ్చింది. నోట్లో పోసుకోగానే మామయ్య వెనక నిలబడి ఉన్నాడనిపించి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"అచ్చం మామయ్య కలిపినట్టే ఉంది అత్తయ్యా" అన్నాను.

"నాకు తెలీదా?" అంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. లేచి, పుల్లటి జాడీ రెండు చేతులా ఎత్తి, ఉన్నదంతా గిన్నెలోకి వంచేసింది.

"కుదర్లేదని మీ నాన్నతో చెప్పు" అంది.

క్రిస్మస్ రోజు నాన్న ఆ పుల్లటి వైను ఒక గుక్క తాగి, చెల్లెలి మొహంలోకి చూసి, గ్లాసు మొత్తం ఖాళీ చేశాడు. పూజ మాట మళ్ళీ ఎత్తలేదు.