పెద్దబాపు నల్లమందు మర్యాద

మొన్న మత్తుబిళ్ళలతో పట్టుబడ్డ కుర్రవాళ్ళ సంగతి మనవరాలు పేపర్లో చదివి వినిపిస్తుంటే, చుట్టపుచూపుగా వచ్చిన మా ఆడపడుచు బుగ్గలు నొక్కుకుని, "మన కాలంల గిట్లాంటి దరిద్రం ఉండెనా వదినా?" అంది.

ఎందుకు లేదు? శాలిబండలో మా ఇంట్లోనే, దేవుడి గూటి పక్కన, ఇత్తడి డబ్బీలో ఉండేది.

మా బాపుకు అన్న, అంటే మా పెద్దబాపు, సర్కారు దుకాణంలో నల్లమందు కొని రెండుపూటలా శనగగింజంత మింగేవాడు. మాది పాలవ్యాపారం, నల్లమందు తినేవాడికి చిక్కటి పాలు పడాలని మా బర్రెల మీగడంతా ఆయనకే పోయేది, మాకు నీళ్ళమజ్జిగ మిగిలేది. కల్లు తాగి పోయేవాళ్ళను చూస్తే "ఇజ్జత్ లేని నాయాళ్ళు!" అని అరుగు మీది నుంచే ఉమ్మేవాడు, తాను మాత్రం ఈగలు నోట్లో దూరినా తెలియకుండా జోగుతూ ఇజ్జత్ కాపాడుకునేవాడు.

అదే డబ్బీలోంచి ఆవగింజంత తీసి, తేనెలో అరగదీసి, అమ్మ పాలు పితికి వచ్చేదాకా పడుకుంటాడని నానమ్మ మూడు నెలల మా తమ్ముడికి నాకించేది. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో ఉన్న అలవాటే. ఒకనాడు పొద్దున ఆమె నాకించి పెరట్లోకి పోయింది. వాడు ఇంకా కేర్‌మంటుంటే, తన జోగు చెడిందని పెద్దబాపు తన వేలితో, తన కొలతతో మళ్ళీ నాకించాడు. ఎనిమిదేళ్ళదాన్ని, పెద్దవాళ్ళు పెట్టేది మందే కదా అని చూస్తూ కూర్చున్నాను.

అమ్మ వచ్చేసరికి వాడి పెదవులు నల్లబడ్డాయి. ఆమె కేకకు గోడ అవతలి ఇంటి సాయిబులామె, మేమంతా ఖాలా అని పిలిచే ఆమె, పరుగెత్తుకొచ్చి, వాడి కనురెప్ప ఎత్తి చూసింది. "అఫీమ్ ఎంత ఇచ్చిన్రు? జల్దీ చెప్పుండ్రి!"

నానమ్మ తన ఆవగింజ చెప్పింది. పెద్దబాపు వాసాలు లెక్కపెడుతున్నాడు. ఆయన పెట్టింది నేను చెప్పాను.

దవాఖానా చేరేదాకా జట్కాలో వాడి అరికాళ్ళు గిచ్చుతూ, "పండనియ్యకు బేటీ!" అని అమ్మ మీద ఖాలా అరుస్తూనే ఉంది.

వాడు బతికాడు. ఆ తర్వాత నాలుగు రోజులు వణుకుతూ, పాలు కక్కుతూ ఏడ్చాడు. అంత పసివాడికి అప్పటికే అలవాటు పట్టిందని డాక్టరమ్మ చెప్పేదాకా మాకు తెలియదు.

ఇంటికి రాగానే అమ్మ డబ్బీని మురుగు మోరీలో పారేసింది. బిడ్డ ఎట్లున్నాడని అడగని పెద్దబాపు, "నా డబ్బీ ఏది?" అన్నాడు. బావగారి ఎదుట ఏనాడూ తలెత్తని అమ్మ, "మోరీల ఉన్నది. పోయి నాకుండ్రి" అంది.

పోయాడు. మోచేతిదాకా ముంచి దేవులాడాడు, మా ఇంటి మర్యాద.

ఆ వ్యసనాన్ని ఇప్పుడు జబ్బంటున్నారు, వైద్యముందంటున్నారు. మంచిదే. అయినా ఆయన మీద నాకు ఈనాటికీ జాలి రాదు.

ఆ దుకాణమూ లేదు, మా పెంకుటిల్లూ లేదు. ఇప్పుడు మూడో అంతస్తులో ఉంటున్నాం. పక్కవాటాలో ఒక పసిబిడ్డ రోజూ ఏడుస్తుంది, దాని తల్లి పేరు కూడా నాకు తెలియదు. ఆ ఏడుపు ఉన్నట్టుండి ఆగితే మాత్రం, మళ్ళీ వినపడేదాకా చెవి అటే పెట్టుకుని కూర్చుంటాను.