సుక్కమ్మ నవ్విన లిస్టు

పుట్టబోయే పిల్లకు సామాను కొనడానికి దుకాణం మెట్లెక్కే వాళ్లంటే కేతేపల్లి సుక్కమ్మకు మహా చులకన. కడుపులో ఉన్నది ఆడో మగో తెలియదు, బతికి బట్టకడుతుందో లేదో తెలియదు, అప్పుడే బూట్లు కొంటారా అనేది. పక్క టౌనులోని సర్కారు దవాఖానలో పాతికేళ్లుగా కాన్పుల వార్డు ఆయమ్మ ఆమె. తన చేతుల్లో పడ్డ పిల్లలందరినీ ఒకచోట చేరిస్తే కేతేపల్లి సరిపోదని చెప్పుకునేది. ఆ పిల్లల సంఖ్య చెప్పిన ప్రతిసారీ ఓ వంద పెరిగేది, అడ్డుపడి అడిగిన వాళ్లు లేరు.

పసిపిల్లకు ఏం కావాలో ఆమె ఎప్పుడో తీర్పు చెప్పేసింది. మెత్తబడిన పాత పంచె ముక్కలు పది, ఒక బొంత, చీరతో కట్టిన తొట్టెల, కాసింత నువ్వుల నూనె. అంతే. ఆ పంచె కూడా పిల్లలు దక్కిన ఇంటిదే కావాలి. దాన్ని చింపి, ఉడుకు నీళ్లలో ఉడికించి, ఎండలో ఆరేసి, మూట కట్టి పెట్టేది. ఇరవై ఒకటో నాడు తొట్టెలలో వేసేదాకా పిల్లకు కొత్త బట్ట తగలకూడదు. ఎవరైనా కాన్పుకు వస్తూ కొత్త గౌను తెచ్చుకుంటే సుక్కమ్మ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "పెండ్లికి పోతాందా నీ బిడ్డ?" అని వార్డంతా వినబడేలా అడిగేది. ఆ తల్లి నొప్పులు పడుతూనే సిగ్గుపడి గౌనును సంచిలో కుక్కుకునేది. నొప్పులు పడే మనిషిని సిగ్గుపడేలా చేయడం కూడా ఒక పనితనమే అనుకుంటే, ఆ పనిలో సుక్కమ్మను మించిన వాళ్లు జిల్లాలో లేరు.

ఆమెకు ఒక్కతే బిడ్డ, నిహారిక. చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో షిఫ్టులు చేసే విజేందర్‌కు ఇచ్చి మూడేళ్లయింది. బిడ్డ నీళ్లోసుకున్నదని తెలిసిన నాటి నుంచి సుక్కమ్మకు ఒకటే పంతం. తొలుసూరు కాన్పు తల్లిగారింటి నుంచే జరగాలి, తన వార్డులోనే జరగాలి, మనవడో మనవరాలో మొట్టమొదట తన చేతుల్లోనే పడాలి. ఊరందరి పిల్లల్ని పట్టిన చేతులు సొంత బిడ్డ పిల్లను పట్టకపోతే ఈ చేతులెందుకు అని మొగడు మారయ్యతో అనేది. ఏడో నెల నిండగానే నిహారికను తెచ్చుకుంటానని నర్సులకూ, వాడకట్టు వాళ్లకూ, బస్సులో పక్కన కూర్చున్న వాళ్లకూ చెప్పింది.

ఆరో నెలలో ఒక ఆదివారం విజేందర్ బండి మీద కేతేపల్లి వచ్చాడు. చాయ్ తాగి, గొంతు సవరించుకుని, జేబులోంచి ఫోను తీశాడు.

"అత్తమ్మా, బిడ్డ పుట్టకముందే ఇంట్ల ఉండాల్సిన సామాను జర ఉన్నది. అన్నీ నేనే తెప్పిస్త, డబ్బాలు ఈడికే వస్తయి. ఏమేం వస్తయో చదువుత, వినుండ్రి."

సుక్కమ్మ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది. అల్లుడు ఇంటికొచ్చి తనకే పిల్లల పెంపకం నేర్పడం ఆమెకు ముందే వేడుకగా ఉంది.

"నీళ్ల వేడి చూసే బాతు," అని చదివాడు విజేందర్.

"ఏందీ?"

"రబ్బరు బాతు అత్తమ్మా. పిల్లకు పోసే నీళ్లల్ల వేస్తే ఎంత వేడున్నదో చూపిస్తది."

"ఇన్నేండ్లు మోచెయ్యి వెట్టి చూసిన. ఇగ బాతును అడగాల్నా?"

అతను తల వంచుకుని కిందికి జరిపాడు. పిల్ల తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు. "ఆవాలు పోపుల వేస్తరు గని తలకింద వెడ్తరా?" పాలసీసాలు ఉడికించే మిషను. "నా బిడ్డకు పాలు రావని నీకెవరు చెప్పిన్రు?" కారులో పిల్లను కూర్చోబెట్టే కుర్చీ అన్నప్పుడు సుక్కమ్మ మెడ సాచి వాకిట్లోకి చూసింది. అక్కడ విజేందర్ బండి ఒక్కటే ఉంది. కిరాయి కారులో పెట్టుకోవచ్చని అతను నసిగాడు. నిజం చెప్పాలంటే ఆ లిస్టులో సగం చెత్తే. ఫోనులో ఎవరో పనిలేని వాళ్లు రాసిన దాన్ని ఉన్నదున్నట్టు దించుకుంటే అట్లాగే ఉంటుంది.

చివర ఒకటి మిగిలింది. "మానిటర్," అన్నాడు విజేందర్.

"మానిటర్ అంటే బడిల అల్లరి చేసేటోళ్ల పేర్లు బోర్డు మీద రాసేటోడు గదా."

"అది కాదత్తమ్మా. పిల్ల ఏడిస్తే మనకు తెలుపుతది."

సుక్కమ్మ అతని ముఖంలోకి ఒక క్షణం చూసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "పిల్ల ఏడుస్తున్నదని పిల్లనే చెప్తది అల్లుడా. ఏడుసుడంటేనే గది."

విజేందర్ ఏదో చెప్పబోయి, ఆమె నవ్వు ఆగకపోవడం చూసి ఫోను జేబులో పెట్టుకున్నాడు. అతను వెళ్లాక మారయ్య, "తెచ్చుకోనియ్యవే, వాళ్ల మురిపెం వాళ్లది" అన్నాడు. మారయ్య మాటను సుక్కమ్మ లెక్కచేసిన రోజంటూ లేదు.

మర్నాడు వార్డులో ఆ లిస్టు నాటకమైపోయింది. సుక్కమ్మ అల్లుడి గొంతు పెట్టి ఒక్కొక్కటే చదివింది, తన జవాబులు తనే చెప్పింది, బాతు దగ్గర ముక్కు ముందుకు సాచి నడిచి చూపించింది. రమ సిస్టర్ బల్ల మీద తల పెట్టి నవ్వింది. ఇక రోజూ ఎవరో ఒకరు అడగడం, ఆమె మళ్లీ చెప్పడం. ముచ్చట ఊళ్లోకీ పాకింది. మేకలు తోలుకుపోతున్న మారయ్యను ఆపి వాడకట్టులోని పర్వతాలు అనే ఆయన "బాతు గుడ్లు వెట్టిందానే?" అని అడిగాడు. అల్లుణ్ణి అంగట్లో బొమ్మను చేసినందుకు ఆమెకు ఇసుమంత చింత లేదు. పైగా ఒకరిని చిన్న చేసినకొద్దీ తాను పెద్దదవుతున్నానని నమ్మే రకం మనిషి.

డబ్బాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సుక్కమ్మ ఒక్కటీ విప్పలేదు, అన్నిటినీ మేకల కొట్టంలో వేయించింది. ఒక మేక డబ్బా మూల కొరికితే అదీ వార్డులో చెప్పింది.

ఏడో నెల నిండిన వారానికి ఆమె గంపలో సకినాలు, గారెలు సర్దుకుని బస్సెక్కి చౌటుప్పల్ పోయింది. విజేందర్ వాళ్లుండేది రెండో అంతస్తులో కిరాయి ఇల్లు. అతను డ్యూటీకి వెళ్లాడు. కోడలిని సాగనంపడానికి హుజూర్‌నగర్ నుంచి అతని తల్లి ఉప్పలమ్మ వచ్చి ఉంది. పక్కింటి మమత కూడా చాయ్ గ్లాసు పట్టుకుని అక్కడే కూర్చుంది. నిహారిక మంచం మీద బట్టలు మడతపెట్టి సంచిలో సర్దుతోంది.

ఎదురుగా ఇద్దరు కూర్చుని ఉంటే సుక్కమ్మ నోరు ఊరుకుంటుందా. "వదినా, మీ కొడుకు మా ఇంటికి బాతును తోలిండు" అని మొదలుపెట్టింది. బాతు అయింది, ఆవాలు అయ్యాయి, కారు లేని కుర్చీ అయింది. ఉప్పలమ్మ మర్యాదకు ఒకసారి నవ్వి నేల చూసింది. మమత అసలు నవ్వనేలేదు. ఎప్పుడూ పండే ముచ్చట ఇక్కడ పండకపోయేసరికి సుక్కమ్మ గొంతు ఇంకా పెంచింది.

"అన్నీ ఒకెత్తు, గా మానిటర్ ఒకెత్తు వదినా. కన్నపిల్ల ఏడుపు వినరాని తల్లి ఉంటదా లోకంల?"

నిహారిక చేతిలోని బట్ట మంచం మీద పెట్టింది.

"ఉంటది. నేనే," అన్నది.

సుక్కమ్మ అటు తిరిగింది.

"ఆ లిస్టు ఆయనది కాదమ్మా, నేను రాసిన. నీ ముందర చదవాలంటే భయమై ఆయనకిచ్చి పంపిన. మిగతావి ఫోన్ల చూసి రాసినయి, వాటికి నవ్వుకో. గా చివరిది మాత్రం నేను అడుగంగా అడుగంగా ఆయన వెతికి వెతికి పట్టుకొచ్చిండు. దిండు కింద వెట్టుకుంటే బిడ్డ ఏడ్చినప్పుడల్ల వణుకుతదట."

"ఎందుకు బిడ్డా గదంత?"

"ఎడమ పక్కకు తిరిగి పండుకోమని నువ్వే అంటివి. కడుపుతోనున్నోళ్లందరికి అదే చెప్తవు. ఎడమ పక్కకు పండుకుంటే నాకు వినవచ్చే చెవు దిండుకు పోతది. మొన్నొకనాడు మధ్యాహ్నం ఆయన డ్యూటీ దిగొచ్చి అర్ధగంట తలుపు కొట్టిండట. మమతక్క, కింది కిరాయోళ్లు అందరొచ్చి పిలిచిన్రట. గొళ్లెం పీకబోతుంటే మెల్కువైంది నాకు. ఆ పొద్దుకెల్లి ఒకటే ఫికరు. రేపు బిడ్డ నా పక్కల పండి ఏడిస్తే నాకెట్ల తెలుస్తది?"

కుడి చెవి సంగతి సుక్కమ్మకు తెలియనిది కాదు. నిహారికకు మూడేళ్లప్పుడు ఆ చెవికి చీము పట్టింది. డాక్టరు చుక్కల మందిచ్చి, హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మని చీటీ రాశాడు. చెవిలో చీముకు హైదరాబాద్ పోతారా అని సుక్కమ్మ ఆ చీటీని వార్డులో అందరికీ చూపించి నవ్వింది. ఎల్లిగడ్డ రెబ్బలు వేసి నూనె కాచి చెవిలో పోసింది. చీము తగ్గకపోతే మళ్లీ పోసింది. దవాఖాన జీతం తింటూ, ఆ దవాఖాన రాసిన మందును మూత కూడా తీయకుండా గూట్లో పెట్టిన మనిషి ఆమె. ఏడాది తిరిగేసరికి ఆ చెవి పోయింది. పెళ్లిచూపులనాడు వచ్చినవాళ్ల కుర్చీలన్నీ నిహారికకు ఎడమవైపున వేయించింది. ఎవరికీ చెప్పనని బిడ్డ చేత ఒట్టు వేయించుకుంది.

ఇప్పుడు ఆ గుట్టు వియ్యపురాలి ముందు బయటపడింది. సుక్కమ్మ బెదిరిపోయి ఉప్పలమ్మ వైపు చూసింది.

"మాకెర్కే వదినా," అన్నది ఉప్పలమ్మ. "పెండ్లయిన నెలకే చెప్పింది. దాంట్ల దాసుడేమున్నది? మేము ఎడమ దిక్కు నిలవడి మాట్లాడుతం, అంతే."

పరువు కాపాడానని మూడేళ్లుగా గుండె నిండా ఊపిరి పీల్చుకున్న సుక్కమ్మకు ఎక్కడ చూడాలో తెలియలేదు. "నాకొక్క మాట చెప్తే అయిపోవు గద బిడ్డా," అన్నది చివరికి.

"చెప్తే నవ్వుదువు. గప్పుడు డాక్టరు చీటీ చూసి గూడ గిట్లనే నవ్వినవట. ముసలవ్వ చచ్చిపోయే ముందర చెప్పింది."

మమత గ్లాసు పట్టుకుని లేచి మెల్లగా వెళ్లిపోయింది. సుక్కమ్మ గంప మీది గుడ్డ సర్దింది, సర్దిన గుడ్డనే మళ్లీ సర్దింది.

"సరె తియ్యి. బస్సుకు టైమయితాంది, పోదాం పా."

"నేను రాను," అన్నది నిహారిక. "రానీకే సంచి సర్దుకున్న, నీ మాటలు విన్నంక మనసొప్పుతలేదు. అక్కడికొస్తే దినాం వచ్చినోళ్లందరికి నన్ను చూపిచ్చి నవ్వుతవు. కాన్పు ఈడనే కానీ. నువ్వు రావాలనుకుంటే రా. నీ పంచె ముక్కలు తెచ్చుకో, అవి నాకు కావాలె. నోరు మాత్రం ఇంట్ల వెట్టి రా."

ఉప్పలమ్మ కూడా ఉండమనలేదు, పొమ్మనలేదు. సుక్కమ్మ ఒక్కతే మెట్లు దిగి బస్సెక్కింది. నార్కట్‌పల్లి దాకా బిడ్డ మీద కోపంతో పళ్లు కొరుక్కుంది. పెంచి పెద్దచేస్తే వియ్యపురాలి ముందు ఇంత మాటంటుందా అనుకుంది. ఆ తర్వాత కోపం నిలవలేదు. మూడేళ్ల పిల్ల తన ఒళ్లో తల పెట్టుకుని, నూనె పోయొద్దని చెవి మూసుకుని ఏడ్చిన ఏడుపు గుర్తుకొచ్చింది. ఆ ఏడుపు ఆమెకు అప్పుడు బాగానే వినబడింది. చేయి పక్కకు లాగి మరీ పోసింది. బస్సులో జనం ఉన్నారని కూడా చూడకుండా కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇంటికి చేరి కొట్టంలోని డబ్బాలన్నీ బయటికి తీసి తుడిచింది. నిహారిక ఏదని మారయ్య అడిగితే రాలేదని మాత్రం చెప్పింది.

తెల్లారి డ్యూటీకి పోయేసరికి వార్డులో కొత్త నర్సు చేరి ఉంది. సుక్కమ్మ కనిపించగానే రమ సిస్టర్ ముఖం వెలిగింది.

"సుక్కమ్మా, ఈమె నిన్ననే వచ్చింది. మీ అల్లుని లిస్టు చెప్పు ఒకసారి. మానిటర్ కాడ అయితే పడి పడి నవ్వాలె."

మంచాల మీది ఆడవాళ్లు కూడా ఇటు తిరిగారు. సుక్కమ్మ చీపురు గోడకు ఆనించింది. ఎవరి ముందూ తడబడని నోరు ఇప్పుడు మాటలు కూడదీసుకోవలసి వచ్చింది.

"అల్లునిది కాదు సిస్టర్, లిస్టు నా బిడ్డది. దానికి కుడి చెవు వినరాదు. చిన్నగున్నప్పుడు చీము వడితే, మందిచ్చిన డాక్టరును చూసి నవ్వి నేనే నూనె వోసిన. దాని చెవు నా చేతుల పోయింది."

ఎవరూ నవ్వలేదు. రమ సిస్టర్ రిజిస్టరు తెరిచి అందులోకి చూడడం మొదలుపెట్టింది.

"నాకు లీవు కావాలె," అన్నది సుక్కమ్మ. "ఎట్ల రాయాల్నో చెప్పుండ్రి."

"ఎన్ని దినాలు? ఎందుకని రాయాలె?"

"బిడ్డ కాన్పు. ఎన్ని దినాలు ఉండనిస్తదో నాకెర్క లేదు."