మందమర్రిలో ఒక రాత్రి ఉండటానికి ఇన్నేళ్లు పట్టింది

పోయిన వారం మా తమ్ముడు సంపత్ కూతురు రమ్య ఫోన్ చేసింది. "పెద్దబాపూ, నాకు పాలిటెక్నిక్ ర్యాంకొచ్చింది. బుధారం నాడు కరీంనగర్ల సర్టిఫికెట్లు చూస్తరట. ఒరిజినల్స్ అన్నీ కావాల్నా?" అని అడిగింది. కావాలమ్మా అన్నాను. ఆ ఒక్క ప్రశ్నకే మంగళవారం పొద్దున బ్యాగు తగిలించుకుని మందమర్రి బయలుదేరాను. ఈ బ్లాగులో ఇన్నాళ్లూ జలపాతాలు, గుట్టలు, కోటల గురించి రాశాను. ఇది పదో తరగతి అయ్యాక నేను పట్టిన దారి గురించి. బొగ్గుగనుల వైపు వెళ్లేవాళ్లకు పనికొచ్చే బస్సుల వివరాలు కూడా ఉన్నాయి, నా గోల భరించగలిగితే చదవండి.

కరీంనగర్ బస్టాండులో పది గంటలకు మంచిర్యాల ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఛార్జీ నూట యాభై లోపే. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే టికెట్ లేదు కాబట్టి బస్సు కిటకిటలాడుతుంది. సీటు కావాలంటే కిటికీలోంచి కర్చీఫ్ వేయాల్సిందే. నేను పెద్దపల్లి దాకా నిలబడే వెళ్లాను. నిజానికి నాకదే హాయి, ఒకచోట కూర్చోవడం నాకు చేతకాని పని. పదో తరగతి తర్వాత కరీంనగర్‌లో జిరాక్స్ షాపు, సూరత్‌లో మిల్లు, మస్కట్‌లో డ్రైవింగు, తిరిగొచ్చి మందుల కంపెనీ, ఇప్పుడు ట్రావెల్స్ ఆఫీసు. "కాలుకాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవేందిరా" అని అవ్వ తిట్టేది. ఊళ్లు చూడటం ఇష్టమని అందరికీ చెబుతాను. అది సగమే నిజం.

మిగతా సగం ఇది. మా బాపు గని కార్మికుడు. గనిలో పనికి అన్‌ఫిట్ అయిన తండ్రి ఉద్యోగం కొడుకుల్లో ఒకడికి రావడం మా కాలనీలో మామూలు. పెద్దవాణ్ని కాబట్టి అది నాదేనని నేను పుట్టినప్పుడే అందరూ ఖాయం చేసుకున్నారు. నాకు గనంటే చచ్చేంత భయం. నేను తొమ్మిదిలో ఒకసారి తప్పడం వల్ల సంపత్, నేను ఒకే ఏడు పది రాశాం. నేను గట్టెక్కాను. వాడికి ఫస్ట్ క్లాసు, పైగా పాలిటెక్నిక్ ర్యాంకు. ఒకరోజు తెల్లారకముందే ట్రంకుపెట్టెలోంచి సర్టిఫికెట్ల కవరు లాక్కుని కరీంనగర్ బస్సెక్కాను. సుల్తానాబాద్ దగ్గర విప్పి చూస్తే అందులో వాడివీ ఉన్నాయి. వాడి కౌన్సెలింగుకు ఇంకా వారం టైముంది. వెనక్కి వెళ్తే బాపుకు దొరికిపోతాను. వెళ్లలేదు. నెల తర్వాత పోస్టులో పంపాను. అప్పటికి సీటు పోయింది. రెండేళ్లకు బాపు అన్‌ఫిట్ అయ్యాడు, సంపత్ గనిలోకి దిగాడు.

ఆ తర్వాత వాడి పెళ్లికి, బాపు దినాలకు వెళ్లాను గానీ, ప్రతిసారీ తిరుగు బస్సు ముందే చూసుకుని. ఈసారీ అంతే. ఐదు గంటలకు మంచిర్యాల నుంచి ఉట్నూర్ బస్సుకు పోవాలనుకుని, అక్కడ గది కూడా చెప్పిపెట్టాను. మొదటి షిఫ్టు వాళ్లు మూడున్నరకు పైకి వస్తారు. అంటే నా తప్పు ఒప్పుకోవడానికి నాకు నేనే ఇచ్చుకున్నది గంటలోపు.

మంచిర్యాలలో దిగేసరికి ఒంటిగంట. అక్కడి నుంచి మందమర్రికి షేర్ ఆటో ముప్ఫై రూపాయలు, అరగంట దారి. డ్రైవర్ సలీం అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

"బాయి కాడికేనా సార్? మీరు సంపత్ భాయ్ అన్ననా? మొఖం గట్లనే ఉన్నది." ఇక్కడ గనిని బాయి అంటారు.

"అవును. ఎందుకు?"

"గా అన్న మీ గురించి మస్తు చెప్తడు సార్."

"ఏమని చెప్తాడు?" అని అరిచినంత పని చేశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

"మా అన్న అరబ్బు దేశం గూడ చూసొచ్చిండు అని. గింత పరేషాన్ ఎందుకు సార్?" అని నవ్వాడు.

గని గేటు ఎదురుగా టీకొట్టు ఉంది. అల్లం టీ బాగుంటుంది, పది రూపాయలు. నాలుగు తాగాను. మూడున్నర దాటాక సంపత్ వచ్చాడు. కళ్ల చుట్టూ ఇంకా మసి ఉంది. నన్ను చూసి, "ఏందన్నా, ఫోన్ గూడ చెయ్యలే? బస్సు ఎన్నింటికి?" అన్నాడు. ఆ రెండో ప్రశ్న సూదిలా గుచ్చుకుంది. కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. కవరు బస్సులోనే విప్పి చూశాననీ, తెలిసే వెనక్కి రాలేదనీ.

వాడు టీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వే తీస్కపోయినవని నాకెర్కే. కవర్ నేనే పోగొట్టిన్నని బాపుకు చెప్పిన. దెబ్బలు గూడ తిన్న. నీ పేరు చెప్తే బాపు కరీంనగర్ అంత ఎతికి నిన్ను గుంజుకొస్తుండె."

"మరి నువ్వైనా రావాల్సింది కదరా!"

"కరీంనగర్ల నువ్వు ఏడున్నవో నాకేమెర్క? నువ్వే తెస్తవనుకున్న. కౌన్సిలింగ్ ముందు మూడు రోజులు బస్టాండ్ల గూసున్న. కరీంనగర్ నుంచొచ్చే ప్రతి బస్సు జూసిన."

కోపం ఉందా అని చివరికి అడిగాను.

"ఉన్నది. అబద్ధమెందుకు? బాయి పని అలవాటైంది, ఇల్లు నడుస్తుంది, కానీ గా మూడు రోజులు మర్వలే." లేచాడు. "రేపు నాకు డ్యూటీ. రమ్యను కౌన్సిలింగ్‌కు నువ్వు తోల్కపో. ఫైల్ గూడ నువ్వే పట్కో."

ఉట్నూర్ బస్సు ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. రాత్రి వాళ్ల క్వార్టర్లో రమ్య ఫైలు నా చేతికిచ్చి నిశ్చింతగా పడుకుంది. నేను మాత్రం మెమో, టీసీ, కులం సర్టిఫికెట్ అంటూ మళ్లీ మళ్లీ చూసుకున్నాను. భయమేసింది, సంతోషంగానూ ఉంది.

పొద్దున ఆరింటికి సంపత్ మాతోపాటు బస్టాండుకు వచ్చాడు. ఏడింటికి వాడి షిఫ్టు. ఆలస్యమవుతుంది, పొమ్మన్నాను. "కూసుంట. బస్సు కదిలినంక పోత" అని బెంచీ మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా ఎన్నో బస్సులెక్కాను, కొత్త ఊరికి వెళ్లిన ప్రతిసారీ ఏదో సాధించినట్టు రాసుకున్నాను. ఎక్కాల్సిన ఒక్క బస్సు, సుల్తానాబాద్‌లో దిగి మందమర్రి వైపు ఎక్కాల్సింది, ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కినా ఆ మూడు రోజులు వాడికి తిరిగి రావు. బుధవారం సాయంత్రం మాత్రం రమ్యనూ ఫైలునూ ఇంట్లో దింపేదాకా నా కాళ్లు ఇంకెటూ లాగలేదు.

ఈ దారిలో కౌన్సెలింగుకు వెళ్లేవాళ్లకు ఒక మాట: పొద్దున ఆరున్నరలోపు బస్సెక్కండి, ఒరిజినల్స్‌తో పాటు రెండు సెట్లు జిరాక్స్ పెట్టుకోండి. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఎవరి కవరు వాళ్లకు విడిగా పెట్టండి.