మెడ మీద తడి తువ్వాలు

మా అన్నకు కిడ్నీలు పాడయ్యాక, అతను రోజుకు తాగాల్సిన నీళ్లు నేనే కొలిచి సీసాలో పోసేవాణ్ణి. దాహం తీరేంత తాగితే ఒంట్లో నీరు చేరుతుంది. నా లెక్కలు బడిలో నేర్చినవి కావు. చేవెళ్ల దగ్గర మా చామంతి తోటకు మందు కలుపుతూ అలవాటైనవి.

ఆ ఎండాకాలం మొయినాబాద్‌ ఆసుపత్రిలో డయాలసిస్ మొదలుపెట్టిన ప్రతిసారీ అన్నకు వణుకు వచ్చేది. ఇంటికొస్తే తగ్గేది.

"ఏసీ పెట్టి సంపుతున్నరురా. దుప్పటి తే," అనేవాడు.

నాకు లెక్క కుదరలేదు. చలి గదిదైతే పక్క మంచాలవాళ్లూ వణకాలి. డాక్టరమ్మతో అదే అన్నాను. ఆమె అన్నకు జ్వరం ఉందని చూసి, రక్తం తీసి పరీక్షకు పంపింది.

"రక్తంలో బ్యాక్టీరియా ఉంది. మనుషుల్లో చాలా అరుదు. తడి మట్టిలో, నిలవ నీళ్లలో ఉంటుంది. డయాలసిస్ పెట్టినప్పుడల్లా పైపులోంచి రక్తంలోకి పోయి వణుకు తెస్తోంది. డయాలసిస్ కోసం మెడలో వేసిన ఆ పైపుకు నీళ్లు తగిలాయా?" అని అడిగింది.

"నీళ్లు తాగనియ్యడు మా తమ్ముడు. ఇగ మెడకేడ తగులుతయ్ మేడం?" అన్నాడు అన్న.

అబద్ధం కాదు, అతనికి అలాగే తోచింది. నా చూపు మాత్రం అతని భుజం మీది తువ్వాలు మీద పడింది. దాహం ఆగనప్పుడల్లా దాన్ని తోటలోని తొట్టిలో ముంచి, పిండి, మెడకు చుట్టుకునేవాడు. ఎండలో పూలు తెంపేవాళ్లందరూ చేసేదే. తొట్టి అడుగున ఎప్పుడూ బురదే. పైపు మీది కట్టు ఆ తడికి నానేది. సీసాలో నీళ్లు చుక్కచుక్కా కొలిచినా, తువ్వాలులోవీ నీళ్లేనని నాకు తట్టలేదు.

పైపు తీసేయకపోతే బ్యాక్టీరియా గుండెకు పాకవచ్చని డాక్టరమ్మ చెప్పింది. తీశారు. కొత్తది వేసేదాకా డయాలసిస్ లేదు. అన్న ముఖం ఉబ్బింది, ఆయాసం వచ్చింది. రక్తంలోకి మందు ఎక్కుతుంటే జ్వరం మెల్లగా దిగింది. మెడకు రెండోవైపు కొత్త పైపు వేశారు.

కోలుకుని మళ్లీ తోటకు వచ్చిన మొదటి రోజే అన్న తువ్వాలు తొట్టిలో ముంచాడు. పిండి పైకెత్తాడు. నేను నోరు తెరిచాను.

"అరవకురా. యాదున్నది," అన్నాడు.

గట్టు మీద కూర్చుని దాన్ని పాదాల మీద పరుచుకున్నాడు.

"దూప తీరిందా అన్నా?"

"కాళ్లకు తీరింది. నోటికి నీ సీసనే గతి. ఎంత మిగిలిందో సూడు."

ఎండకెత్తి చూపించాను. ఒక్క గుక్క తాగి, మిగిలింది సాయంత్రానికి ఉంచమన్నాడు.