చవితి తర్వాత రక్తపింజరి

పాము పగ పడుతుందని మావైపు అందరూ నమ్ముతారు. నాకు నమ్మకం లేదు. పాముకంత ఓపిక ఎక్కడిది? పగ పట్టి ఏడాదిపాటు కాచుకున్నది నేను. మా బావ మీద, అంటే నా మొగుడి అన్న మీద.

కోటబొమ్మాళి దగ్గర మా పొలం. బావది పక్క చేను. నాగులచవితినాడు పుట్టలో పాలు పోశాక పాములన్నీ తాగి భూమిలోకి దిగిపోతాయనీ, చలి వదిలేదాకా పైకి రావనీ మా ఊళ్లో ఒక మాట. చవితి తర్వాతే కోతలు. కోసిన వరిని పనలుగా చేలో ఆరేసి, మంచు విడిచాక మోపులు కడతాం. మా ఆయనకు జాగ్రత్త ఎక్కువ. పన ఎత్తే ముందు కర్రతో కదిపి చూసేవాడు. ఒక ఏడు అలా కదుపుతుంటే బావ గట్టు మీద నిలబడి నవ్వాడు.

“ఒరే, సవితి ఎల్లిపోనాది. పాములన్నీ దిగిపోనాయి. ఆ కర్రేటిరా, ముసిలోడిలాగ?”

కూలీలు కూడా నవ్వారు. మా ఆయన కర్ర పారేసి పన కింద చెయ్యి పెట్టాడు. రక్తపింజరి కరిచింది. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో ప్రాణం దక్కింది గానీ కుడిచేతి వేళ్లు పోయాయి.

అంతవరకే అయితే బావని క్షమించేదాన్నేమో. నేను ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఉండగా బావ ఊళ్లో ప్రచారం మొదలెట్టాడు. “మా మరదలు సవితినాడు కత్తిపీట ముట్టింది. నాగమ్మకి కోపమొచ్చీసినాది.” ఆ రోజు కత్తి ముట్టకూడదన్నది మా నియమం. నేను దుంపల్ని కూడా కోయకుండా ఉడికించిన మనిషిని. అయినా నోరున్నవాడిదే రాజ్యం.

పొలం పని నా మీద పడింది. ఆ చలికాలమంతా గట్ల వెంట పాముల్ని చూస్తూ తిరిగాను. తాచు చలిని తట్టుకోలేదు; మంచు పడ్డ పొద్దున కలుగులోంచి తల బయట పెట్టదు. జెర్రిపోతు బాగా ఎండెక్కితే గానీ కదలదు. రక్తపింజరి తీరే వేరు. మిగతావి దాక్కునే రోజుల్లోనే అది తిరుగుతుంది. పొద్దున్నే పనల అంచున ఎండపొడకి చుట్ట చుట్టుకుంటుంది. చలికి మత్తుగా ఉన్నట్టు కనబడుతుంది గానీ కాటు మాత్రం చురుకే. నా కూలీలకు కర్రలిచ్చాను. కారణం ఎవరికీ చెప్పలేదు.

మరుసటి చవితికి పుట్టకు వెళ్తూ ఆడవాళ్లు నన్ను పిలవలేదు. పాలగిన్నెతో గుమ్మంలో నిలబడ్డాను.

ఆ ఏడు కోతలప్పుడు, మంచు విడుస్తున్న వేళ, ఒక పన కిందికి రక్తపింజరి దూరడం కళ్లారా చూశాను. కూలీల్ని అటు వెళ్లనివ్వలేదు. బావ గట్టు మీద ఉన్నాడు, మా కర్రల్ని చూసి ఎకసెక్కాలాడుతున్నాడు. నన్ను పిలవని ఆడవాళ్లు ఆ చేలోనే మోపులు కడుతున్నారు.

“బావా, సవితి ఎల్లిపోనాది కదా. ఆ పన నీ సేత్తో ఎత్తు, సూస్తాం” అన్నాను.

అందరి ముందూ కాదనలేకపోయాడు. పంచె ఎగ్గట్టి దిగాడు, వంగాడు. చెయ్యి పన దగ్గరికి వెళ్తోంది. నాకు జాలి కలగలేదు. మా ఆయన వేళ్లే గుర్తొచ్చాయి.

పన కింద నుంచి కుక్కర్ ఆవిరిలా బుస వినిపించింది. బావ వెనక్కి విరుచుకుపడ్డాడు. నేను కర్రతో పన తిరగేశాను. ఒంటినిండా మచ్చలతో, చుట్ట చుట్టుకుని అందరికీ కనబడింది.

“సెప్పు బావా. ఈ ఏడు కత్తిపీట ఎవులు ముట్టినారు?”

మళ్లో కూలబడ్డ చోటి నుంచే, “నీ తప్పేటీ లేదే తల్లీ, ఉత్తినే అన్నాను” అన్నాడు. ఆడవాళ్లు విన్నారు. సరిగ్గా వినబడాలని ఇంకోసారి అనిపించాను.

బావకి బుద్ధి చెప్పానని ఊళ్లో మెచ్చుకుంటారు. చెయ్యి పెట్టేలోగా ఎలాగూ ఆపేదాన్నే అనుకుంటారు. ఆపేదాన్ని కాదు. బుస కొట్టి ఆయన్ని కాపాడింది పామే.

ఇంటికెళ్లి మా ఆయనకు అన్నం పెట్టి జరిగింది చెప్పాను. ఎడమచేత్తో కలుపుకుంటూ విన్నాడు.

“దాని కింద పామున్నట్టు నీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

ముద్ద నిదానంగా నమిలి మింగాడు.

“మరైతే నన్ను పిలవలేదేటే? గట్టు మీద కూకుని సూసీవోడ్ని కదా” అన్నాడు.