గోడ పెద్దయ్య తెర ఎత్తిన శనివారం

గోడ పెద్దయ్య ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు మనుషుల మొహాలు చూడడు, గోడల మొహం చూస్తాడు. పలకరింపులు పూర్తయ్యేలోపే అరచెయ్యి గోడకు ఆనించి, మచ్చికైన ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరి, "చెమ్మ లాగుతోంది, చూసుకోండి" అనో, "ఎవడు కట్టాడోగాని మంచి చెయ్యి" అనో తీర్పు చెప్పేస్తాడు. కుర్చీలో కూర్చోవడం ఆ తర్వాతే.

చదివింది పల్లెటూరి బడిలో ఐదో తరగతి. లెక్కల్లో ఇతణ్ణి మించినవాడు లేడని పంతులుగారు మెచ్చుకున్న సంగతి వినని వాళ్ళు చర్చి సంఘంలో ఎవరైనా ఉంటే, వాళ్ళు ఇంకా మాటలు రాని పసివాళ్ళే అయి ఉండాలి. తాపీ పట్టాక ఆయన కట్టినవి ఊరంతా ఉన్నాయి. ఆస్పత్రి ప్రహరీ ఆయనదే. జడ్జిగారింటి మెట్లు ఆయనవే, ఆ మెట్ల మీద నీళ్ళు పోస్తే ఒక్క చుక్క నిలవదు. వరదకు వంతెన ఒరిగిన ఏడు దాని పక్కన చెక్కు చెదరకుండా నిలబడ్డ అడ్డుగోడా ఆయనదే. ఆ గోడ చూడ్డానికి ఇంజినీర్లు జీపులో వచ్చారు, ఆయన భుజం తట్టారు, ఫొటో కూడా తీసుకున్నారు. ఫొటో మాత్రం పంపలేదు. "పంపితే వాళ్ళ పరువు పోదూ!" అనేవాడు పెద్దయ్య.

అన్నిటికంటే మిన్న చర్చి పడమటి గోడ. మిగిలిన వాటికి కూలి తీసుకున్నాడు, దీనికి తీసుకోలేదు.

అసలు ఆ చర్చి కట్టిన తీరే వేరు. అప్పట్లో పనివాళ్ళను పెట్టుకునే స్తోమత ఎవరికీ లేక, ఒక్కో కుటుంబం ఒక్కో భాగాన్ని నెత్తికెత్తుకుంది. గోడలు మేస్త్రివి. పైకప్పు, దూలాలు అతని బావమరిది వడ్రంగివి. కిటికీలు బట్టలు కుట్టే అమ్మ వాళ్ళవి. ఆ పేర్లే మనుషులకు అంటుకుని గోడ పెద్దయ్య, దూలాల మామ, కిటికీలమ్మ అయ్యారు. సంఘపెద్దలు కూడా ఆ ముగ్గురే. ఎవరి భాగం వాళ్ళే చూసుకోవాలి, పక్కవాళ్ళ దాని మీద చెయ్యి వెయ్యకూడదు, వంక అంతకన్నా పెట్టకూడదు. ఒకసారి దూలాల మామ గోడకు చిన్న మేకు కొట్టి క్యాలెండరు తగిలించాడు. "మేకు కొట్టింది గోడకు కాదురా, నా వెన్నులో" అని పెద్దయ్య ఆ వానాకాలమంతా బావమరిదితో మాట్లాడలేదు. వానలు తగ్గాక కలిసి నవ్వుకున్నారుగాని, మేకు మాత్రం ఊడి వచ్చింది.

ఇలా సాగుతున్న సంఘం మీద ఒక ఏడు పిడుగు పడింది. ముసలి పాస్టరు అయ్యగారికి చేతుల వణుకు ముదిరింది, వినికిడి తగ్గింది, ప్రార్థన మధ్యలో మాట మరిచిపోయి కళ్ళు మూసుకుని నిలబడిపోయేవారు. సంఘమంతా ఊపిరి బిగబట్టేది. చివరికి ఆయనే "ఇక నన్ను వదిలెయ్యండి నాయనా" అన్నారు. కొత్తవాళ్ళను పంపడానికి పై ఆఫీసు ఒప్పుకుంది కానీ ఒక మెలిక పెట్టింది. వచ్చే మనిషి ముందు కట్టడాన్ని చూస్తుంది. పదిమంది కూర్చోవడానికి పనికొస్తుందంటే సరే, లేకపోతే తలుపులకు తాళం వేసి సంఘాన్ని ఏటి అవతలి పెద్ద చర్చిలో కలిపేస్తారు.

"వచ్చే మనిషి చూస్తుంది అంటున్నారు. ఆడమనిషా?" అన్నాడు దూలాల మామ పెద్దల సమావేశంలో.

"అవును, పాస్టరమ్మ" అంది కిటికీలమ్మ.

"పాస్టరు గారి భార్య వచ్చి చూస్తుందా?"

"భార్యా లేదు, భర్తా లేదు. ఆవిడే పాస్టరు. నీ దూలాలకు చెద పట్టిందో లేదో చూసేది ఆవిడే. ముందు ఆ సంగతి చూసుకో తమ్ముడూ."

"నా దూలాల సంగతి నీకెందుకక్కా? నీ కిటికీ రెక్కలు గాలొస్తే చప్పట్లు కొడుతున్నాయి, వాటిని చూసుకో."

పెద్దయ్య గొంతు సవరించుకుని, "నా గోడకు ఢోకా లేదు" అన్నాడు. ఆ మాట అంటూనే అరచెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. పడమటి మూల, వెనక కిటికీ పక్కన, గిలాబా పూత కింద చెమ్మ పాకుతోందని ఆయన చేతికి ఎప్పుడో తెలుసు. నోటికి మాత్రం తెలియనివ్వలేదు.

భయం ఒక్క పెద్దయ్యదే కాదు. చర్చి మూతపడితే అది తన భాగం వల్లే మూతపడిందంటారని ముగ్గురూ లోలోపల వణికారు. అందుకే ఎవరికి వాళ్ళు, మిగతావాళ్ళకు చెప్పకుండా, ఆవిడ వచ్చే ఆదివారంలోపు తమ భాగం బాగుచేసుకోవాలని నిశ్చయించుకున్నారు. బయటికి మాత్రం ముగ్గురిదీ ఒకటే మాట, "కొత్తావిడకు ఆనందం కలిగిద్దాం."

పెద్దయ్య గురువారం ఉదయం వెళ్ళి వెనక కిటికీ పక్కన చెమ్మ పట్టిన గిలాబా చెక్కేశాడు. కింద ఇటుకలు నానిన రస్కుల్లా ఉన్నాయి. మెత్తబడినవన్నీ లాగేసి, శనివారం కొత్తవి పెడదామని, ఆ బొక్క కనబడకుండా తెల్లటి దుప్పటి ఒకటి వేలాడదీసి వచ్చాడు. శుక్రవారం ఇంటి దగ్గర సున్నం కలుపుకుంటూ, వంతెన అడ్డుగోడ కథ దారిన పోయేవాళ్ళకు ఇంకోసారి చెప్పాడు.

శనివారం మధ్యాహ్నం గంపలో ఇటుకలు, సున్నం, తాపీ పెట్టుకుని చర్చికి వెళ్ళాడు. లోపల అయ్యగారు ఒక్కరే ఉన్నారు. ప్రసంగ వేదిక మీద నిలబడి, మర్నాడు సంఘానికి చెప్పాల్సిన వీడ్కోలు మాటలు ఖాళీ బెంచీలకు చెప్పుకుంటున్నారు. పెద్దయ్య చప్పుడు కాకుండా వెనక మూలకు నడిచాడు. తన దుప్పటి మీదుగా పొడవాటి కొత్త తెర ఉంది, అంచు కుట్టిన తెర. కిటికీని, గోడను, మూలనంతా కప్పేస్తూ పైనుంచి కిందిదాకా దిగి ఉంది. కిటికీలమ్మ కుట్టు ఎక్కడున్నా తెలిసిపోతుంది. 'నా బొక్కను కూడా కప్పింది, మహాతల్లి' అని మనసులోనే మెచ్చుకుని తెర ఎత్తాడు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

కిటికీ లేదు. రెక్కలే కాదు, చట్రంతో సహా లేదు. రంగు వేయించడానికి ఇంటికి పట్టుకుపోయింది కాబోలు. పెద్దయ్య మెల్లగా తల పైకెత్తాడు. దూలం కొసను మోయడానికి మూలలో నిలబడి ఉండాల్సిన ఆసరా కర్ర కూడా లేదు. అది ఉన్నచోట చెద తిన్న పొడి మాత్రం మిగిలింది. అంటే బావమరిది కూడా వచ్చి వెళ్ళాడన్నమాట. ఇంటి దగ్గర కొత్త కర్రకు వార్నిష్ పూస్తూ ఉంటాడు, ఆదివారం పొద్దున్నే తెచ్చి నిలబెడదామని.

ముగ్గురూ విడివిడిగా వచ్చి, విడివిడిగా దాచి, ఆ మూల కింద ఉన్న మూడు ఆధారాలూ తీసేశారు. ఇప్పుడు అంత దూలం, దాని మీది కప్పు, అరచేతంత గోడ ముక్క మీద ఆగి ఉన్నాయి. ఆ ముక్క పక్కనుంచి ఇటుకలు లాగింది పెద్దయ్య చేతులే.

దూలం కింద తలవెంట్రుకంత పగులు. చూస్తుండగానే అందులోంచి సన్నగా ఇసుక రాలి భుజం మీద పడింది. మళ్ళీ రాలింది.

యాభై ఏళ్ళు గోడలతో కాపురం చేసినవాడికి ఆ ఇసుక మాట ఒకరు విడమరచి చెప్పక్కర్లేదు. గాలి గట్టిగా వీచినా, తలుపు దబ్బున పడినా చాలు. రేపు ఈ మూల బెంచీ మీద ఎవరు కూర్చుంటారు? గాలి తగులుతుందని చంటిపిల్లల తల్లులు కూర్చునే బెంచీ అది. తన మనవరాలు కూర్చునేదీ అక్కడే, నెలల పిల్లను ఒళ్ళో వేసుకుని.

ముందు అయ్యగారిని బయటికి పంపాలి. గట్టిగా పిలవడానికి భయం వేసింది, మెల్లగా పిలిస్తే ఆయనకు వినబడదు. బెంచీల మధ్యనుంచి, నిద్రపోతున్న పసివాడి పక్కనుంచి నడిచినట్టు నడిచి, వేదిక దగ్గరకు వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరూ, గోడ పెద్దయ్యా? విను, ఈ మాట బాగుందా చెప్పు. 'నేను వెళ్ళినా ఈ కప్పు మీ మీద...'"

"బయట విందాం అయ్యగారూ. ఎండ కాగుదాం రండి."

"ఈ ఎండలో ఎండ కాగడం ఏమిటయ్యా! నీ చెయ్యేమిటి ఇలా వణుకుతోంది? నా జబ్బు నీకు అంటుకుందా?"

"అంటుకుందండీ. రండి."

ఇద్దరి చేతుల్లో ఏది ఎక్కువ వణుకుతోందో తెలియకుండా నడిచి, అయ్యగారిని ఆవరణలో గట్టు మీద కూర్చోబెట్టాడు. వెనక్కి తిరిగేసరికి గేటు దగ్గర బావమరిది కనిపించాడు. భుజాన కొత్త ఆసరా కర్ర, పక్కన చేతిలో బట్టల సంచీతో ఒకామె. నడివయసు, చెప్పులకు దుమ్ము. వెనక కిటికీలమ్మ.

"బావా! చూడు ఎవర్ని తెచ్చానో! రేపు రావాల్సిన పాస్టరమ్మ ఇవాళే దిగింది. రండమ్మా, రండి, మా చర్చి చూద్దురుగాని" అంటూ దూలాల మామ తలుపు మీద చెయ్యి వేశాడు. ఆ తలుపును దబ్బున నెట్టనిదే అతనికి తృప్తి ఉండదు.

పెద్దయ్య పరుగున వెళ్ళి బావమరిది చెయ్యి పట్టుకున్నాడు.

ఆ క్షణంలో ఆయన తలలో ఒక దారి మెరిసింది. లోపల సున్నం తడిగా ఉందని చెప్పి ఆవిణ్ణి ఇంటికి పంపెయ్యొచ్చు. సాయంత్రానికి కర్ర నిలబెట్టి, ఇటుకలు పేర్చి, పైన గిలాబా పూసేస్తే మూడో కంటికి తెలియదు. తడి ఆరదు, పట్టు రాదు, అయినా రేపటి ఆరాధన గడిచిపోతుంది. చర్చి మిగులుతుంది, పేరు మిగులుతుంది. గడవకపోతే? ఒళ్ళో నెలల పిల్లతో ఉన్న మనవరాలు మళ్ళీ కళ్ళముందు నిలిచింది.

"లోపలికి రావద్దమ్మా" అన్నాడు. "నా గోడ పోతోంది."

దూలాల మామ నవ్వబోయాడు. "నీ గోడా? వరదొచ్చినా కదలనిదన్నావే బావా..." బావ మొహం చూసి ఆ నవ్వు మింగేశాడు.

"నువ్వు ఆసరా తీశావా?"

"తీశా. చెద పట్టింది. నీకెందుకు..."

"నేను ఇటుకలు తీశాను. నువ్వు చట్రం తీశావమ్మా?"

కిటికీలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అన్నయ్యా, నీ దుప్పటి చూసి ఏదో రంగు వేస్తున్నావనుకున్నా. చూడ్డం మర్యాద కాదని తెర వేసి వచ్చేశా. అయ్యో, నా చేతులు పడిపోను!"

పాస్టరమ్మ సంచీ కింద పెట్టింది. "ఇప్పుడేం చెయ్యాలి పెద్దయ్యా?"

"ఆ కర్ర ఇప్పుడే నిలబెట్టాలి. చప్పుడు కాకూడదు. ఒక్కడివల్ల కాదు, నేనూ వస్తాను."

"వార్నిష్ ఇంకా ఆరలేదు బావా."

"నీ వార్నిష్ మండ! పద."

బావాబావమరుదులు లోపలికి వెళ్ళారు. వద్దన్నా వినకుండా పాస్టరమ్మ వెనకే వచ్చింది. తలుపు వేగంగా మూసుకోకుండా కిటికీలమ్మ వీపు ఆనించి నిలబడింది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. కర్ర పైకొస దూలం కిందికి చేరింది. పెద్దయ్య జీవితంలో మొదటిసారి దూలం మీద చెయ్యి వేశాడు. మామ జీవితంలో మొదటిసారి, పగులు విచ్చకుండా, గోడకు అరచేతులు అదిమి పట్టాడు. కింద కొసను పాస్టరమ్మ రెండు చేతులతో తోసి, చెక్కముక్క బిగించింది.

అప్పుడు గోడ ఒక్కసారి నిట్టూర్చింది. అరచేతంత ముక్క పొడిపొడిగా రాలింది. దూలం కిర్రుమని బొటనవేలంత దిగి, కర్ర మీద కూర్చుని ఆగింది.

ఎవరూ కదల్లేదు. దుమ్ము అణిగాక, "రండి, వెళ్దాం" అన్నాడు పెద్దయ్య గుసగుసగా. బయటికొచ్చి చూసుకుంటే పాస్టరమ్మ రెండు చేతులకూ వార్నిష్ అంటుకుని ఉంది.

"నేను చూసిందంతా పై ఆఫీసుకు చెప్పాలి పెద్దయ్యా. దాచలేను" అందామె.

"చెప్పండమ్మా. గోడ నాదని కూడా చెప్పండి."

మర్నాడు ఆరాధన ఆవరణలో జరిగింది. అయ్యగారు వీడ్కోలు మాటల మధ్యలో ఆగిపోయి, కళ్ళు మూసుకుని నిలబడితే, మరకల చేతులతో పాస్టరమ్మ ఆయన పక్కకొచ్చి నిలబడింది. ఆయన ఆమె చేతిలో తాళంచెవి పెట్టారు. అందరూ అటు చూస్తున్నారు. పెద్దయ్య ఒక్కడే, కుర్చీ తిప్పుకుని, గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

పై ఆఫీసువాళ్ళు వచ్చి చూశారు. ఆ మూల విప్పి మళ్ళీ కట్టేదాకా తలుపు తియ్యకూడదన్నారు. అవతలి చర్చిలో కలిపెయ్యాలన్న మాటను మాత్రం పాస్టరమ్మ సాగనివ్వలేదు. "ఈ మనుషుల్ని నేను చూశాను. కట్టుకుంటారు" అందట. ఆరాధన కిటికీలమ్మ వరండాలోకి మారింది. మూల పని మొదలైంది. ముగ్గురూ ఒకేసారి వస్తారు, ఒకేసారి వెళ్తారు. ఒకరు ఇటుక ముడితే ఇద్దరు చూస్తుంటారు. మామ ఎత్తిపొడుపులు మామవే. "బావా, నీ గోడకు మేకు కొట్టుకోనా?"

"కొట్టుకోరా, ముందు నన్నడిగి" అంటాడు పెద్దయ్య.

ఇప్పటికీ వచ్చినవాళ్ళకు ఆయన తను కట్టినవన్నీ వరసగా చెబుతాడు, ఆస్పత్రి ప్రహరీ, జడ్జిగారి మెట్లు, వంతెన అడ్డుగోడ. పడమటి గోడ దగ్గరకు వచ్చేసరికి మాట ఆగుతుంది. "చర్చిది కూడా చెప్పు తాతా, నువ్వే కదా అందర్నీ లోపలికి పోకుండా ఆపింది" అని మనవరాలు గుర్తుచేస్తే, తల అడ్డంగా ఊపుతాడు. ఆ సమయంలో పక్కింట్లో ఎక్కడైనా తలుపు దబ్బున పడితే, మాట్లాడుతున్నవాడల్లా ఉలిక్కిపడి, ముందు మునిమనవరాలి ఉయ్యాల వైపు, తర్వాత పైకప్పు వైపు చూస్తాడు. చాలాసేపు అలాగే చూస్తూ ఉంటాడు.