చవుడు మిద్దెకు సున్నం వేసిన ఏడు

మొన్న ఆదివారం మా మనవడు ఒక పెద్ద తెల్లరంగు డబ్బా, ఒక రోలరు కొనుక్కొచ్చి, శ్లాబు కారకుండా తనే పూసేస్తానని, మేస్త్రీ దండగని చెప్పి డాబా ఎక్కాడు. వరండాలో కూర్చున్నదాన్ని లేచి మెట్ల దాకా వెళ్లి, ఆ డబ్బాలో సున్నం గానీ కలిసిందేమో చూడమని అరిచాను. వాడు పైనుంచి నవ్వి, "సున్నం ఏంది నాయనమ్మా, ఇది కెమికల్" అన్నాడు. ఎనభై దాటినదానికి డాబా గొడవలెందుకని మా కోడలు నన్ను తీసుకొచ్చి మళ్లీ కుర్చీలో కూలేసింది. కూర్చున్నానన్న మాటే గానీ మనసు నిలవలేదు. ఇంటి కప్పు మీద ఎవరైనా తెల్లగా ఏదైనా పూస్తున్నారంటే నాకు గాభరా. ఈ నరసరావుపేటకు వచ్చాక పట్టుకున్నది కాదది. కొత్త కోడలిగా పిడుగురాళ్లలో మా మామగారి ఇంట్లో ఉన్నప్పటిది.

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరికేది కాదు, బట్ట దొరికేది కాదు, మేకు కావాలన్నా పాత తలుపుల్లోంచి ఊడబెరికి సాపు చేసుకోవాల్సిందే. మాకు కరువు లేనిదల్లా సున్నం. మామగారికి ఊరి బయట సున్నపు బట్టీ ఉండేది. ఆయన దృష్టిలో లోకంలో సున్నంతో బాగుపడని వస్తువు లేదు. చీమల పుట్టకు సున్నం, ఎలుక కన్నానికి సున్నం, పగిలిన తొట్టికి సున్నం, బెణికిన కాలికి బెల్లం కలిపిన సున్నం. ఒకసారి నా పెట్టె మూతకు బీటపడితే అత్తగారు మూడు రోజులు దాన్ని ఆయన కంటబడకుండా దాచారు. మనిషి క్షణం కుదురుగా ఉండేవారు కాదు. బట్టీ నుంచి రాగానే చెంబుడు నీళ్లు తాగి, చుట్టూ ఏది పాడైందా అని వెతికేవారు. ఏదీ పాడవకపోతే బాగున్నదాన్నే విప్పి మళ్లీ బిగించేవారు. కిర్రుమన్న తలుపుకు ఆముదం, వదులైన మంచానికి కొత్త నులక, నడవలో కదిలిన నాపరాయి కింద ఇసక, అన్నీ సొంత చేతులే. ఏడాదికి రెండుసార్లు గోడలకు వెల్ల. నానబెట్టిన సున్నాన్ని పాతపంచెలో వడగట్టి, చేతికి అంటకుండా తుమ్మజిగురు, తెలుపు తేలడానికి చిటికెడు నీలిమందు కలిపేవారు. గోడ అడుగున జానెడు ఎత్తున ఎర్రగా జాజుపట్టీ మాత్రం నేను తీర్చేదాన్ని. దారం కొట్టకుండానే వంకర లేకుండా వచ్చేది. ఆ పట్టీ ఎవరు తీర్చారని ఆయన ఎన్నడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అసలు మా ఇద్దరి మధ్యా మాటలే లేవు.

అలిగి కాదు. ఆ రోజుల్లో కోడలు మామగారి ఎదుట నిలబడకూడదు, నోరెత్తకూడదు. ఆయన నట్టింట్లోకి వస్తే నేను వంటింట్లోకి, ఆయన వంటింటి గుమ్మం దాకా వస్తే నేను పెరట్లోకి. అన్నానికి పిలవాలన్నా అత్తగారే. అత్తగారు ఊళ్లో లేని రోజున పళ్లెం పీట ముందు పెట్టి తలుపు గొళ్లెం రెండుసార్లు ఆడించేదాన్ని. పేరంటానికి వెళ్లి ఆమె ఆలస్యం చేసినప్పుడల్లా మా ఇంట్లో గొళ్లాలు మోగుతూనే ఉండేవి. అలా రెండేళ్లు గడిచాయి. ఆయన దగ్గుకూ, చెప్పుల చప్పుడుకూ నేను అలవాటు పడ్డాను. నా గాజుల చప్పుడుకు ఆయన అలవాటు పడ్డారు.

ఆయన ఆరాటానికి ఒక కారణం ఉందని నాకు కాపురానికి వచ్చాకే తెలిసింది. మా ఆడబిడ్డకు తొలి కాన్పు ఆ ఇంట్లోనే, వానాకాలంలో, అప్పటికింకా పూరిల్లుగా ఉన్నప్పుడు జరిగింది. ముసురు పట్టి తాటాకు కప్పు కారి, పురిటి గది తడిసి ముద్దయింది. బిడ్డకు చలి తగిలి జ్వరం వచ్చి పదకొండో రోజున పోయింది. ఆ నెలలోనే మామగారు తాటాకు పీకించి మిద్దె కట్టడం మొదలుపెట్టారట. దూలాలు, వాసాలు, వాటి మీద రాతిపలకలు, పైన చవుడు. ఇప్పుడు రెండో కాన్పు. అత్తవారింట్లోనే జరుపుతామని వాళ్లన్నా వినకుండా, ఈసారీ పురుడు నా ఇంట్లోనే అని పంతం పట్టి కూతుర్ని తెచ్చుకున్నారు. ఆమె వచ్చిన దగ్గర్నుంచి ఆయనకు నిద్ర లేదు, మాకు కుదురు లేదు. పురిటి గదికి మూడుసార్లు వెల్ల వేశారు. కిటికీ రెక్కలు విప్పి చిత్రిక పట్టారు. గడప కింద నుంచి గాలి వస్తోందని సున్నం మెత్తారు, తలుపు పడకపోతే మళ్లీ చెక్కారు. ఆడబిడ్డ నవ్వుతూ నాతో, "బిడ్డ పుట్టేలోగా మా నాన్న నాకూ వెల్ల వేస్తాడు వదినా" అనేది.

చిట్టచివరికి ఆయన కళ్లు మిద్దె మీద పడ్డాయి. నేను పుట్టింది మాచర్ల అవతల, ఊరంతా చవుడు మిద్దెలే. చవుడంటే ఉప్పు తేలిన తెల్లమట్టి. ఏటా వానలకు ముందు మిద్దె మీద పొడిగా పరిస్తే, తొలి జల్లుకే జిగురుగా సాగి సందులన్నీ తనే మూసుకుంటుంది. దానికి చేయాల్సిందల్లా దాని మానాన దాన్ని వదిలేయడమే. పూరింట్లో పెరిగిన మా మామగారికి అది తెలియదు, ఏటా ఆ పని మా ఆయనే చూసుకునేవారు. మా ఆయన బండ్ల మీద తోలుకొచ్చిన కొత్త చవుడు కొట్టంలో కుప్పగా ఉండగానే, మట్టి ఏం ఆపుతుంది, సున్నమైతే రాయిలా గట్టిపడుతుందని, మామగారు మిద్దె పైపొరను పెళ్లగించి చిక్కటి సున్నం కలిపి మెత్తడం మొదలుపెట్టారు. అది చూసి చేతిలో పని వదిలేశాను. మా చిన్నాన్న పెళ్లికి గోడలకు వెల్ల వేస్తూ ఎవరో సున్నపు కుండ మిద్దె మీద పగలగొడితే, ఆ ఏడంతా సరిగ్గా అక్కడే కారింది. సున్నం పడితే చవుడు జిగురు చచ్చి రవ్వరవ్వ అయిపోతుందని మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అత్తగారితో చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే, "సున్నంలో పుట్టి సున్నంలో పెరిగినాయనకి నువ్వు నేర్పేదేందే?" అన్నారు. మా ఆయనతో చెబుదామంటే సున్నం బండ్లతో నడికుడి స్టేషనుకు వెళ్లి రెండు రోజులైంది. ఇంక ఉండబట్టలేక, మామగారు పెరట్లోకి వచ్చినప్పుడు బావి దగ్గర బిందెకు చెబుతున్నట్టుగా, మా ఊళ్లో చవుడు మీద సున్నం వెయ్యరని గట్టిగా గొణిగాను. ఆయన ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారనుకుని, మర్యాదగా దగ్గి, ముఖం తిప్పుకుని వెళ్లిపోయారు. నిచ్చెన ఎక్కి ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. సాయంత్రానికి మిద్దె తళతళలాడింది. ఊళ్లో నలుగురూ వచ్చి చూసి మెచ్చుకుని వెళ్లారు.

నాలుగో రోజు మధ్యాహ్నం, మా ఆయన ఇంకా స్టేషను నుంచి తిరిగి రాకముందే, భోజనాలవుతుండగా వాన వచ్చింది. ఎంతోసేపు పట్టలేదు. ముందు నడవలో ఒక చుక్క, తరువాత నట్టింట్లో, ఆ తరువాత పురిటి గదిలో మంచం కోడు మీద. గిన్నెలు పెట్టాం, గంగాళాలు పెట్టాం, మంచం ఈ మూలకు లాగితే ఆ మూల కారింది. తొమ్మిది నెలలు నిండిన ఆడబిడ్డ గోడకు ఆనుకుని, కడుపు మీద రెండు చేతులూ కప్పుకుని, కప్పు వైపు చూస్తూ ఒకే ఒక్క మాట అంది. "మళ్లీనా నాన్నా?"

ఆ మాటకు మామగారి ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. పరుగున వెళ్లి బానలోంచి ఇంకో తట్టెడు సున్నం ఎత్తుకుని వానలోనే నిచ్చెన మీద కాలు వేశారు. అప్పుడేమైందో నాకు తెలియదు. పెరట్లోకి దూకి నిచ్చెన పట్టుకుని అరిచాను.

"మామయ్యా, ఆగండి! ఆ సున్నమే కారుస్తోంది. దాన్ని గీకి పారేసి చవుడు పోయాలి!"

ఆయన మెట్టు మీద అలాగే నిలబడిపోయారు. అత్తగారు గుమ్మంలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆయన తిడతారనీ, రేపు పుట్టింటికి పంపేస్తారనీ అనుకున్నాను, అయినా నిచ్చెన వదల్లేదు. ఆయన తట్ట కింద పారేసి, "పార ఏదమ్మా?" అన్నారు. అంతే. నేను కొంగు బిగించి వెనకాలే ఎక్కాను. ఆయన సున్నపు పొర గీకుతుంటే నేను తోశాను. అరుపులు విని పక్కింటి బాబాయి, ఆయన కొడుకులు వచ్చి కొట్టంలోని చవుడు తట్టలకెత్తి అందించారు. ఎంత మందాన పోయాలో, తూము దగ్గర ఎంత వాలు ఉంచాలో నేను చెబుతున్నాను, మగవాళ్లంతా నేను చెప్పినట్టు చేస్తున్నారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. వాన తగిలిన చవుడు నున్నగా సాగడం మొదలుపెట్టింది. పొద్దుగూకేలోపు గంగాళంలో చుక్క పడటం ఆగింది.

మూడో రోజు పొడిగా ఉన్న ఆ గదిలోనే ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు దాటేదాకా మామగారు ఇంట్లో ఏ వస్తువూ ముట్టుకోలేదు, అరుగు మీద కూర్చోనూ లేదు, గది బయట అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. పన్నెండో రోజు ఉదయం లోపల పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని అరుగు మీద కూలబడ్డారు. చేతుల్లో పార లేదు, కుంచె లేదు. నేను మజ్జిగ చెంబు అక్కడ పెట్టి అలవాటుగా వెనక్కి తిరగబోతుంటే పిలిచారు.

"అమ్మాయ్, సున్నం వేస్తే కారుద్దని నీకు ముందే తెలుసా?"

"తెలుసు మామయ్యా."

తిడతారనుకున్నాను. కండువాతో కళ్లు తుడుచుకుని, "రెండేళ్లయింది నువ్వొచ్చి. నీ గొంతు ఇట్టా ఉంటదని కూడా నాకు తెలవదమ్మా" అన్నారు.

ఆ తరువాత ఆయన ఆరేళ్లు బతికారు. ప్రతి వానాకాలం ముందు నన్ను మిద్దె ఎక్కించి అడిగి మరీ చవుడు పోయించేవారు. వాకిట్లో కూర్చుని ఇద్దరం గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లం. మా నాన్నతో కూడా నేను అన్ని మాటలు మాట్లాడి ఉండను. ఆ ఆరేళ్లూ గడిచిపోయినందుకు నాకు బాధ లేదు, కడుపునిండా గడిపాను. ఒకే కప్పు కింద, గొళ్లాలు ఆడించుకుంటూ పోగొట్టుకున్న ఆ ముందు రెండేళ్లే ఈనాటికీ నన్ను కుదురుగా కూర్చోనివ్వవు.